తీసేటప్పుడు చూశారా

మార్చి 3, మంగళవారం. ల్యాబ్‌లో, మధ్యాహ్నం

ఈ రిజిస్టరు పారేసే సామాన్లలో కనిపిస్తే తెచ్చుకున్నాను. సగానికి పైగా ఖాళీయే. ప్రతి పేజీ పైనా అచ్చేసిన గడులున్నాయి: నమూనా, చోటు, సమయం, తీసినవారు, తీసేటప్పుడు చూశారా. వాటి మీదుగానే రాసేసుకుంటాను. మనసులో నస పెట్టుకుని తిరిగేకంటే ఎక్కడో ఒకచోట కక్కేయడం మేలు.

ఇవాళ నెలలో మొదటి మంగళవారం, పాల రోజు. పొద్దున్నే జీపులో బయల్దేరి, ప్లాంటు నుంచి వేడినీళ్ళు వచ్చి పడే కాలువ దగ్గర రెండు సీసాల నీళ్ళు పట్టాను. చేపలమ్మే ఆవిడ దగ్గర చేపలు తీసుకున్నాను. "మీ కాలువ పుణ్యమా అని చేపలు ఉడికిపోయి వస్తాయేమో, నాకు గ్యాసు ఖర్చు ఉండదు" అని ఆవిడ ఎప్పటిలాగే ఎకసెక్కమాడింది. గడ్డి, మట్టి అయ్యాక చివరగా ప్లాంటు కంచె పక్కన ఉండే, నేను పెద్దమ్మ అని పిలిచే ముసలావిడ ఇల్లు. ప్లాంటు చిమ్నీ గాలి ఎక్కువ రోజులు అటే వీస్తుంది కాబట్టి ఆవిడ ఆవు పాలే మాకు ముఖ్యం. అణువిద్యుత్తు తయారయ్యే చోట గాల్లోకి, నీళ్ళలోకి ఏం పోతోందో పాలు చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదని మా ల్యాబ్ ఆఫీసరు దశాంశం గారు (ఇది నేను చాటుగా పెట్టుకున్న పేరు) అంటారు.

పెద్దమ్మ వరండాలో కుర్చీ వేసి ఉంచింది, టీ సిద్ధం. నా డబ్బా లోపలికి తీసుకెళ్ళి నింపి తెచ్చింది. పాలు చల్లగా ఉన్నాయి. తెల్లవారుజామునే పితికి నీళ్ళ తొట్టిలో పెట్టిందట. ఆవు మేతకు వెళ్ళిందట.

ఫారంలో చివరి గడిలో అవును అని టిక్కు పెట్టాను.

డబ్బా బయటివైపు జిడ్డుగా ఉందని మూడుసార్లు కడిగాను.

మార్చి 5

దశాంశం గారు ఆవు ఫోటో అడిగారు.

మార్చి 6

సంగతి ఇదీ. వచ్చే నెల ఇరవై ఒకటిన ఊళ్ళో సభ పెడుతున్నారు. ప్లాంటు వయసు అయిపోయింది, ఇంకో ఇరవై ఏళ్ళు నడపాలంటే జనం ముందు కూర్చుని చెప్పుకోవాలి. లైసెన్సు ఇచ్చే ముగ్గురు సభ్యుల సంఘం వచ్చి వింటుంది. దానికోసం దశాంశం గారు పెద్ద పోస్టరు చేయిస్తున్నారు. రియాక్టరు ఆవిరితో బయటపడే ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం మూడేళ్ళుగా పాలలో ఎలా తగ్గిందో చూపించే గీత అందులో ఉంటుంది. ముందు నలభై దగ్గర అటూ ఇటూ ఆడేది. ఇరవై తొమ్మిది నెలల కిందట ఒక్కసారిగా ఆరుకు పడిపోయింది. ఆ నెలలోనే లోపల ఆవిరిని పట్టి ఆరబెట్టే కొత్త డ్రైయర్ పెట్టారు. దానికి పోసిన డబ్బుతో మూడు ఆస్పత్రులు కట్టొచ్చని అప్పట్లో పేపర్లన్నీ దుమ్మెత్తిపోశాయి. అందుకే ఆ గీత అంటే దశాంశం గారికి కన్నబిడ్డతో సమానం. ఏ అంకె అయినా చుక్క తర్వాత రెండు స్థానాల దాకా చెప్పే మనిషి, ఈ గీత దగ్గరకొచ్చేసరికి మాత్రం "అమాంతం పడిపోయింది" అంటారు.

"గాలి లెక్కలు కూడా పెట్టొచ్చు కదండీ" అన్నాను.

"గాలి కొంచెమే తగ్గింది. అయినా గాలి అంటే జనానికి ఏం అర్థమవుతుందమ్మా? పాలు అంటే పిల్లాడికి కూడా తెలుస్తుంది. పాల పక్కన ఆవు బొమ్మ ఉంటే ఇంకా బాగుంటుంది. ఆ ఆవుదే కావాలి, ఎవరిదో వద్దు."

మా ఆయన లోపల వాల్వుల ఫిట్టరు. ఇరవై ఏళ్ళు పొడిగిస్తే ఆయన రిటైరయ్యే దాకా ఢోకా లేదు. లేదంటే నాలుగేళ్ళలో మూత, ఈ క్వార్టర్సు కూడా ఖాళీ చెయ్యాలి. యాభై రెండేళ్ళ ఫిట్టరుని ఎవరు తీసుకుంటారు? ఆయనేమీ అనడు. రోజూ సాయంత్రం ఇంట్లో బాగానే ఉన్న కుళాయిలన్నీ విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు.

మార్చి 9

ఫోటో కోసం వెళ్ళాను. పెద్దమ్మ నన్ను చూసి కంగారు పడింది. మంగళవారం కాదుగా మరి.

"ఆవు ఒంట్లో బాలేదమ్మాయ్. డాక్టరు దగ్గర వదిలేసి వచ్చా."

"ఏమైంది?"

"ఏదో. ఆవులకి రోగాలొస్తే మనకి చెబుతాయా?"

టీ తాగి వచ్చేశాను. పాపం, ముసలావిడ ఒక్కతే ఎంతకని తిరుగుతుంది.

మార్చి 10

పశువుల డాక్టరు ఆస్పత్రి నేను రోజూ వెళ్ళే దారిలోనే ఉంది. లోపలికి వెళ్ళి అడగొచ్చు. అడగలేదు. వేరొకరి ఇంటి వ్యవహారం.

మార్చి 13

మళ్ళీ వెళ్ళాను. ఇంటి పక్కన పాకలో కట్టుగొయ్యకి తాడు లేదు. బట్టలారేసే తీగ ఒక కొస ఆ కొయ్యకి, ఇంకో కొస కిటికీ ఊచకి కట్టి ఉంది. నేల పొడిగా, శుభ్రంగా ఉంది. చాలా శుభ్రంగా ఉంది.

పాక వెనక్కి చూస్తే పది అడుగుల్లో కంచె. ఇదివరకు కంచె ఎక్కడో దూరంగా ఉండేది, మధ్యలో పచ్చిక బయలు. వాడేసిన ఇంధనం దాచడానికి కొత్త షెడ్లు కట్టి కంచె ముందుకు జరిపారు. వందేళ్ళకి సరిపోయేలా కట్టామని అంటారు. ఆ తర్వాత ఏం చేస్తారని అడిగితే అప్పటికి ఏదో ఒకటి కనిపెడతారంటారు.

పెద్దమ్మ ఇంట్లో లేదు. కూరగాయలకి వెళ్ళిందేమో. వచ్చేదాకా కూర్చోవాలనిపించలేదు.

తిరిగొస్తుంటే రోడ్డు పక్కన ఎవరిదో ఎర్రావు గడ్డి మేస్తోంది. జీపు ఆపి ఫోటో తీశాను. ఆవు తలెత్తి సూటిగా నా వంక చూసింది. మంచి ఫోటో వచ్చింది.

ఆవు ఆవే కదా.

మార్చి 14

పంపించేశాను. "అద్భుతం" అని జవాబు వచ్చింది.

మార్చి 22

ఆదివారం. ఇల్లంతా దులిపాను. బీరువా జరిపి వెనక దులిపాను. "ఎవరైనా వస్తున్నారా?" అని మా ఆయన అడిగాడు. ఎవరూ రావడం లేదన్నాను. "మరి నేనే లేచి బయటికెళ్తా, నువ్వు నన్ను కూడా దులిపేసేలా ఉన్నావు" అన్నాడు.

మార్చి 30

పోస్టర్లు వచ్చాయి. మెయిన్ గేటు దగ్గర ఒకటి, క్యాంటీన్లో ఒకటి, బస్‌స్టాపులో రెండు. ఎర్రావు, దాని పక్కన జారుడుబల్లలా దిగే గీత. కింద "మీ పాలు, మా బాధ్యత".

ఎటు వెళ్ళినా ఆ ఆవు నన్నే చూస్తోంది. క్యాంటీన్లో వీపు దానివైపు పెట్టుకుని కూర్చున్నాను. తల దువ్వుకోకుండా వచ్చానేమో అన్నట్టు మాటిమాటికీ జుట్టు సర్దుకుంటున్నాను. ఎందుకో నాకే తెలీదు.

ఏప్రిల్ 7, మంగళవారం. జీపులోనే రాస్తున్నాను

పాల రోజు. ఎప్పుడూ వెళ్ళే వరస తిరగేశాను. ముందు పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, కాలువా చేపలూ చివర్లో చూద్దామనుకున్నాను. ఎండ ముదిరేలోగా పాలు తెచ్చుకుంటే మంచిదని. అంతే, వేరే ఉద్దేశం ఏమీ లేదు.

అబద్ధం. ఉద్దేశం ఉంది.

వీధి తలుపు తీసే ఉంది. నేరుగా వంటగది గుమ్మం దాకా వెళ్ళాను. పెద్దమ్మ గట్టు దగ్గర నిలబడి కత్తెరతో పాల ప్యాకెట్ల మూలలు కత్తిరిస్తోంది. నాలుగు ప్యాకెట్లు. రెండు అప్పటికే గిన్నెలో ఉన్నాయి. నన్ను చూసి మూడో ప్యాకెట్ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. పాలు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి.

"ఇంత పొద్దున్నే వచ్చావేంటి?" అంది.

నేను గిన్నె వంక చూశాను. అప్పుడు ఆవిడ ప్యాకెట్ కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆవుని అమ్మేశాను. నీ ప్లాంటు వాళ్ళు కంచె జరిపారు కదా, ఆ వారమే. మేతెక్కడిది? కొని పెట్టడానికి నేనేమన్నా ఆఫీసరునా?"

"మరి నాకు చెప్పొచ్చు కదా పెద్దమ్మా!"

"చెబుదామనే అనుకున్నా. ఆ నెల నువ్వు వానలో తడిసి ముద్దయి వచ్చావు. వచ్చీ రాగానే డబ్బా ముందు పెట్టి, పళ్ళు కొట్టుకుంటూ కూర్చున్నావు. ఉత్త డబ్బాతో ఎలా పంపను? టీకని తెప్పించిన పాలుంటే అవే పోశా. పాలే కదా, ఏముందిలే అనుకున్నా. తర్వాతి నెల చెబుదామనుకున్నా. తర్వాతి నెలా నువ్వొచ్చావు."

"ఇరవై తొమ్మిది నెలలు!"

"నువ్వు వచ్చేది ఆవు కోసం. ఆవు లేదంటే ఇంకెందుకు వస్తావు? పైగా పాలు లేకపోతే నీ ఉద్యోగం ఊడుతుందేమోనని కూడా భయమేసింది. మీ సంగతులు నాకేం తెలుసు?"

ఉత్త డబ్బాతో బయటికి వచ్చేశాను. వెనక నుంచి "టీ తాగి వెళ్ళవే" అంది. వెనక్కి తిరగలేదు. ల్యాబ్‌లో పాలు దారిలో ఒలికిపోయాయని చెబుతాను.

ఏప్రిల్ 8

ఇవాళ ఏమీ రాయను.

ఏప్రిల్ 9

ఆరు అనే అంకె ఆ బయలుది కాదు. ఆ ప్యాకెట్ పాలు వంద కిలోమీటర్ల అవతల ఏ డెయిరీ నుంచో వస్తాయి. అక్కడ మా ప్లాంటు గాలి ఉండదు కాబట్టి ఆరు వచ్చింది. డ్రైయర్ పెట్టిన నెలలోనే కంచె జరిగింది, కంచె జరిగిన నెలలోనే ఆవు పోయింది. ఖర్చేమో డ్రైయర్‌ది, గీత దిగినదేమో ప్యాకెట్ వల్ల. గాలి లెక్క కొంచెమే తగ్గిందని ఆయన అన్నప్పుడే నా బుర్ర వెలగాల్సింది.

వెలిగిందేమో కూడా.

ల్యాబులో ఎవరైనా నన్ను అడిగితే చెప్పాల్సిన జవాబు సిద్ధం చేసుకుంటున్నాను: "ఆవిడ నన్ను మోసం చేసింది." అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. కుదరలేదు.

పితికేటప్పుడు పక్కన నిలబడి చూడాలి. రూలు అదే. మొదట్లో చూసేదాన్ని. తర్వాత అమ్మ పోయింది. ఆ ఏడాదంతా నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి వేడిగా ఒక గ్లాసు ఇచ్చి, "ఎలా ఉన్నావే" అని అడిగిన చోటు అదొక్కటే. లేచి పాకలోకి వెళ్ళబుద్ధయ్యేది కాదు. కూర్చునేదాన్ని, టీ తాగేదాన్ని, ఏడ్చేదాన్ని కూడా. తర్వాత అలవాటైపోయింది. చల్లటి పాలు, పొడి నేల, తీగకి ఆరేసిన దుప్పట్లు, ఇవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. మేతకి వెళ్ళిందని ఆవిడ అంటే, ఎక్కడికి మేతకి అని ఒక్కసారి కూడా అడగలేదు. బయలు కంచె లోపలికి పోయిందని నాకు తెలీదా?

తెలుసు. అంతా తెలుసు. చూస్తే ఆ కుర్చీ పోతుందని చూడలేదు.

ఏప్రిల్ 11

దశాంశం గారు సంబరంగా వచ్చారు. కొత్త లైసెన్సు దరఖాస్తులో పాల నమూనా నెలనెలా అక్కర్లేదని రాయించారట, ఏడాదికి ఒక్కసారి చాలట. "నీకూ తిరుగుడు తగ్గుతుందమ్మా. ఇంత తక్కువ వస్తుంటే ఇంకా కొలవడం దండగ. ఆ ఖర్చు వేరే దానికి పెట్టొచ్చు."

నేను నవ్వాను. నవ్వక్కర్లేదు, కానీ నవ్వాను.

ఇరవై ఏళ్ళు. ఇరవై ఏళ్ళలో లోపల ఏ గొట్టం కారినా, ఏ సీలు చెడినా, అది కనబడాల్సిన చోట ఏడాదికి ఒక్క డబ్బా. ఎందుకంటే నేను టీ తాగుతూ కూర్చున్నాను.

ఏప్రిల్ 13

కంచె తూర్పు మూల అవతల పంక్చర్లు వేసే అతనికి ఒక ఆవు ఉంది. అటు కూడా మా గాలే వీస్తుంది. అది కంచె వారగా మేస్తుంది. పొద్దున్నే వెళ్ళి అడిగాను. "మీ ప్లాంటు వాళ్ళకి ఇన్నాళ్ళకి నేను కనబడ్డానా" అన్నాడు. పితుకుతుంటే పక్కనే గొంతుక్కూర్చుని చూశాను. ధార డబ్బా అడుగున టంగుమని పడింది. పాలు వేడిగా ఉన్నాయి. పాలు వేడిగా ఉంటాయని మరిచేపోయాను. డబ్బా రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంటే, "ఏమైందమ్మా, తేలు కుట్టిందా?" అని అడిగాడు.

ఏప్రిల్ 15

పాలలోంచి నీటిని బట్టీ పట్టి, సీసాలో పోసి, లెక్కించే యంత్రంలో పెట్టి, దాని ముందే కూర్చున్నాను. అంకె నలభై రావాలని ఒక పక్క, ఆరే రావాలని ఇంకో పక్క మొక్కుకుంటున్నట్టు ఉంది. ఆరు వస్తే డ్రైయర్ నిజంగానే పనిచేసినట్టు. అప్పుడు నా తప్పు నాకూ దేవుడికీ మధ్యనే ఉండిపోతుంది.

ముప్ఫై నాలుగు.

ఇంకోసారి పెట్టాను. ముప్ఫై ఐదు.

ఏప్రిల్ 16

చెప్పాను. దశాంశం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. గీత ఉన్న కాగితం దగ్గరికి లాక్కున్నారు. అరుస్తారనుకున్నాను. అరిచి ఉంటేనే బాగుండేది.

"ముప్ఫై నాలుగు పాయింట్ ఎంత?"

"పాయింట్ ఆరు సున్నా."

"హద్దు వేలల్లో ఉంది. ఇది అందులో వందో వంతు కూడా కాదు. నలభై అయినా, ముప్ఫై నాలుగైనా, ఆరైనా ఒక్క మనిషికి కూడా ఏమీ కాదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటానండీ."

"మరి ఇప్పుడు చెబితే ఏమవుతుందో తెలుసా? ఆ ఒక్క గీతే కాదు, మనం ముప్ఫై ఏళ్ళుగా కొలిచిన ప్రతి అంకె అబద్ధమంటారు. ఒక్కటీ నమ్మరు. సభ కానీ. తర్వాత నేనే దిద్దుతాను. నా మాట నమ్ము."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మాట నమ్ముతాను. కానీ సభ తర్వాత దిద్దడానికి కొలతే ఉండదు కదా. ఏడాదికి ఒక్క డబ్బా. ఈ మాట ఆయనతో అనలేకపోయాను.

ఏప్రిల్ 17

మా ఆయనకి చెప్పాను. వంటింటి కుళాయి విప్పి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"అంటే డ్రైయర్ పనిచెయ్యట్లేదా?"

"కొంచెం చేస్తోంది. పోస్టరు మీద చూపించినంత కాదు."

"నేను బొగ్గు కాల్చే ఊళ్ళో పుట్టాను. మా అమ్మ ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి తెల్లగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. మా నాన్న దగ్గుతూనే పోయాడు. ఇక్కడ పొగ లేదు. ఆ ముక్క ఎవరూ పోస్టరు మీద వెయ్యరు. నీ ఆవు సంగతి వింటే ఇది మూసేసి మళ్ళీ బొగ్గు తెస్తారు. అప్పుడు నువ్వు ఏం కొలుస్తావు?"

"మూసెయ్యమని నేను అనట్లేదు."

"మరేమంటున్నావు?"

"చూస్తూ ఉండమంటున్నాను. అంతే."

ఆయన కుళాయి బిగించాడు. తిప్పి చూశాడు. చుక్క కూడా కారలేదు. "చెప్పేదేదో నువ్వే చెప్పు. ఇంకెవరి నోటనో వినేలా చెయ్యకు" అని బయటికి వెళ్ళిపోయాడు. అంటే ఒప్పుకున్నట్టా, కోపం వచ్చినట్టా, నాకు తెలీలేదు.

ఏప్రిల్ 18

చెబుతాను.

ఏప్రిల్ 19

చెప్పను. ఎవరికీ ఏమీ కాని అంకె కోసం ఇంటినీ మనిషినీ రోడ్డున పడేస్తానా?

ఏప్రిల్ 20

పెద్దమ్మ ఇంటివైపు సగం దూరం వెళ్ళి వెనక్కి వచ్చాను. చెబితే అందరికీ ఆవిడ ఇల్లే గుర్తొస్తుంది. ఆ వీధిలో ఆవు ఉండేది ఆవిడకే. రెండు చెప్పులూ తెగినట్టు కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాను.

ఏప్రిల్ 21, మంగళవారం

ఒక్క సంగతి కూడా పోకుండా రాసుకోవాలి.

స్కూలు హాలు నిండిపోయింది. వేదిక మీద ముగ్గురు సభ్యులు, మధ్యలో ఒకావిడ. ఆరో వరుసలో మా ఆయన, ప్లాంటు వాళ్ళతో. గోడ మీద ఆవు.

చేపలమ్మే ఆవిడ లేచి, కాలువ మొగలో ఇదివరకు దొరికే రకాలు ఇప్పుడు దొరకడం లేదని, వేడి ఎక్కువైందని చెప్పింది. ఒక ఇంజనీరు లేచి రెండే డిగ్రీలన్నాడు. "నీ ఒంటికి రెండు డిగ్రీలు పెరిగితే సెలవు పెడతావా పెట్టవా?" అంది. హాలంతా నవ్వింది. ఒక మాస్టారు కొత్త షెడ్ల గురించి, వందేళ్ళ తర్వాత ఖర్చు ఎవరి పిల్లలు పెట్టుకుంటారని అడిగాడు. ప్లాంటు వైపు నుంచి ఒకాయన లేచి, ఈ కరెంటు ఆగితే దాని బదులు ఎన్ని లారీల బొగ్గు కాల్చాలో చెప్పాడు. రెండూ నిజమే. వింటూ ఉంటే ఇద్దరి వైపూ తల ఊపాను.

తర్వాత దశాంశం గారు పోస్టరు చూపించారు. గీత మీద వేలు పెట్టారు. నా వైపు చూడలేదు. "అమాంతం" అనలేదు. "తగ్గినట్టు నమోదైంది" అన్నారు. అది నాకు మాత్రమే తెలిసిన తేడా.

మధ్యలో కూర్చున్నావిడ "ఈ నమూనాలు ఎవరు తీస్తారు?" అని అడిగింది. అందరూ నన్ను చూశారు. లేచాను. లేచేసరికి కుర్చీ వెనక్కి పడిపోయింది.

"నేనేనండీ. ఆ ఆవు, ఆ ఆవు కాదండీ."

మళ్ళీ నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడ్డాను.

"ఇరవై తొమ్మిది నెలలుగా అక్కడ ఆవు లేదు. ఆ పాలు కొన్నవి. పితికేటప్పుడు చూశానని నెలనెలా టిక్కు పెట్టాను. చూడలేదు. ఈ నెల కంచె తూర్పు మూల ఆవు పాలు దగ్గరుండి పితికించి కొలిచాను. ముప్ఫై నాలుగు పాయింట్ ఆరు సున్నా వచ్చింది. దీనివల్ల ఎవరికీ ఏమీ కాదు, అది కూడా నిజమే. కానీ పోస్టర్లో చెప్పినట్టు తగ్గలేదు. తగ్గిందని చెప్పి ఇక ఏడాదికి ఒకసారే కొలుస్తామంటున్నారు. అది వద్దు. నడపాలో ఆపాలో మీరు చూసుకోండి. కొలవడం మాత్రం ఆపకండి."

ఆ తర్వాత ఎవరేం అరిచారో సరిగ్గా వినబడలేదు. మా ఆయన పక్కనున్నవాడు ఆయనతో ఏదో గట్టిగా అంటున్నాడు. ఆయన నేలకేసి చూస్తున్నాడు. తర్వాత లేచి వచ్చి, పడిపోయిన నా కుర్చీ ఎత్తి నిలబెట్టి, తిరిగి తన చోటుకి వెళ్ళి కూర్చున్నాడు.

ఏప్రిల్ 23

నిర్ణయం వాయిదా. పాత నమూనాల మీద విచారణ. గేటు దగ్గర పోస్టరు చింపేశారు. గోడకి ఆవు చెవి ఒకటి మిగిలింది.

ప్లాంటులో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. మా ఆయనతో కూడా.

ఏప్రిల్ 25

పెద్దమ్మ ఇంటి ముందు పేపరు వాళ్ళు నిలబడ్డారని తెలిసి పరిగెత్తుకెళ్ళాను. వాళ్ళు వెళ్ళిపోయాక తలుపు కొట్టాను. కిటికీ లోంచి చూసింది.

"సభలో నా పేరైతే చెప్పలేదట. ఇల్లు చెప్పినట్టే కదే. జనం నన్ను పాల దొంగ అంటున్నారు. నీకు పోసిన ప్రతి చుక్కా నా చేతి డబ్బులతో కొన్నా."

"తప్పు నాదనే చెప్పాను పెద్దమ్మా."

"నీది కాక ఎవరిది? నేను ముసల్దాన్ని, నాకు తెలీదు. నువ్వు చదువుకున్నావు. ఒక్కరోజు లేచి పాకలోకి వచ్చి చూస్తే నీ సొమ్మేం పోయేది? నేనే చెప్పేసేదాన్ని." కిటికీ మూసేసింది.

ఏప్రిల్ 28

ఇరవై తొమ్మిది ఫారాలు నా ముందు పెట్టారు. ఒక్కొక్కదాని మీదా "అవును" కొట్టేసి "కాదు" అని రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. పన్నెండో దాని మీద అమ్మ సంవత్సరీకం పెట్టిన నెల ఉంది. అక్కడ కాసేపు ఆగాను. తర్వాత అది కూడా కొట్టేశాను.

దశాంశం గారు పక్కన కూర్చుని ఒక్కొక్కటి లెక్కపెట్టారు. అయ్యాక, "నేనూ ఒకసారి నీతో వచ్చి చూడాల్సింది. ఇరవై తొమ్మిది నెలల్లో ఒక్కసారి" అన్నారు. చుక్క తర్వాత ఏమీ చెప్పలేదు.

ఏప్రిల్ 30

ఇంక్రిమెంట్లు ఆపేశారు. పని మాత్రం తియ్యలేదు, తిరిగే దారులు తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు కాబట్టి. పాలు నెలనెలా కొలవాల్సిందేనని సంఘం రాసింది. పెద్దమ్మ ఇంటి దగ్గర పాలకి బదులు ఆవిడ నూతి నీళ్ళు తియ్యమంది. ఇంటివాళ్ళే తోడాలి, నేను చూడాలి, ఇద్దరం సంతకం పెట్టాలి.

మా ఆయన డబ్బా తీసి చూశాడు. "దీని మూత వదులైంది, నువ్వు చూసుకోలేదా?" అని, కొత్త వాషరు వేసి, బిగించి, బల్ల మీద పెట్టాడు. సభ తర్వాత నాతో అన్న మొదటి పొడుగు మాట.

మే 5, మంగళవారం

వరండాలో కుర్చీ లేదు. పెద్దమ్మ బయటికి వచ్చి, ఏమీ అనకుండా నుయ్యి ఉన్న పెరటివైపు చెయ్యి చూపించింది. కాయితం చూపించాను. "నువ్వే తోడాలట పెద్దమ్మా. నేను చూడాలట."

"చూడు మరి. రెప్ప వెయ్యకు."

తోడింది. మోకాళ్ళ నొప్పులతో ఒక్కొక్క మూర చొప్పున తాడు లాగుతుంటే సాయం చెయ్యబోయాను. "ముట్టుకోకు, నీ రూలు ఏమవుతుంది?" అంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. బకెట్ పైకి వచ్చింది. డబ్బాలో పోసింది. సంతకం పెట్టింది. నేనూ పెట్టాను. చివరి గడిలో అవును అని రాసి, నా రాతనే కాసేపు చూస్తూ ఉండిపోయాను.

డబ్బా జీపులో పెట్టి బండి ఎక్కబోతుంటే గుమ్మంలోంచి పిలిచింది.

"టీ పెడుతున్నా. ప్యాకెట్ పాలే. కావాలంటే వచ్చి చూసుకో."

లోపలికి వెళ్ళి, ప్యాకెట్ మూల కత్తిరించిన దగ్గర్నుంచి టీ పొంగేదాకా, పొయ్యి పక్కనే నిలబడి చూశాను.